వృద్ధాశ్రమం శుభ్రంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అమ్మను మిర్యాలగూడ దగ్గర వృద్ధాశ్రమంలో చేర్పించామని, లోపలికి వెళ్తే ఫినాయిల్ వాసన గుప్పుమంటోందని, వీల్‌చైర్ పాతదని, ఏమేం చూసుకోవాలని అడిగారు. నేను నల్లగొండలో ఒక ఆశ్రమంలో సూపర్‌వైజర్‌గా పనిచేశాను. వచ్చినవాళ్లంతా ముందు నేల చూస్తారు. నేనైతే వీల్‌చైర్ బ్రేకు చూడమంటాను.

బ్రేకు వేసి కుర్చీని వెనక నుంచి తోయండి. కదిలిందంటే, అమ్మ మంచం మీదికి మారేటప్పుడు అది వెనక్కి జారిపోతుంది. చాలాసార్లు బ్రేకు బాగానే ఉంటుంది, టైర్లలో గాలే తగ్గి ఉంటుంది. గాలి దిగితే బ్రేకు టైరును పట్టదు. మేము సైకిల్ షాపుకే పంపేవాళ్లం, గాలి, పంక్చరు, నట్లు అన్నీ అక్కడే అయ్యేవి. ముందు చిన్న చక్రాలకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, అవి కత్తెరతో తీసేయాలి.

వాకర్ కాళ్లను తిప్పి కింద రబ్బరు బుష్‌లు చూడండి. అరిగి ఇనుము బయటపడితే తడి టైల్స్ మీద జారుతుంది. మన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు జారితే నిలదొక్కుకోలేరు. బుష్‌కు పెట్టే ఖర్చు ఎంతని?

ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా మోటారుతో గాలి నింపే పరుపు) ఉంటే అమ్మ పడుకున్నప్పుడు తుంటి కింద, పరుపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. అంగుళం మందమైనా గాలి తగలాలి. లేదంటే మోటారు ఆడుతున్నా పుండ్లు పడతాయి. పరుపు బాగున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టడం మానకూడదు.

ఇక వాసన సంగతి. ఫినాయిల్ మూత్రం వాసనను కప్పిపెడుతుందంతే. పొద్దున్నే, తుడవకముందే, చెప్పకుండా వెళ్లండి. పరుపు రెగ్జిన్ కవరు పగిలిందేమో చూడండి, పగుళ్లలోంచి మూత్రం లోపలికి దిగితే ఎంత తుడిచినా కంపు పోదు. బాత్రూం మాపు, గదుల మాపు వేరుగా ఉండాలి. ముందు సబ్బు నీళ్లతో మురికి పోగొట్టి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు వేసి పది నిమిషాలు తడిగా వదిలేయాలి. ఆ నీళ్లు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. కమోడ్ కుర్చీని మాత్రం చివర్లో మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే స్క్రూలు తుప్పు పడతాయి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది యాసిడ్. బోరు నీళ్లకు తెల్ల పొర కడుతుంది, దాన్ని గీకలేక ఆయాలు యాసిడ్ పోస్తారు. అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో ప్రాణం మీదికి వస్తుంది. రెండూ ఒకే చోట పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

ఇవన్నీ ఎవరు చూస్తారని మేనేజరును అడగండి. ఒక మనిషి పేరు చెప్పాలి, రిపేర్లు రాసే నోటుబుక్ చూపించాలి. ఆయమ్మల మీద మాత్రం అరవకండి. రాత్రిపూట అంతమందిని ఒక్కరే ఎత్తి దించుతుంటారు, చెడిపోయిన వస్తువు గురించి ముందు చెప్పేది కూడా వాళ్లే. చెప్పినా మేనేజ్‌మెంట్ పట్టించుకోకపోతే పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్ 14567కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.