ఫ్రీ లంచ్ శాతం చూసి ఏరియాని అంచనా వేయొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఇల్లు వెతుకుతున్నాం. ఒక సిటీ స్కూల్లో ఫ్రీ లంచ్ పిల్లలు అప్పట్లో 60 శాతం, ఇప్పుడు 100 శాతం అని ఉంది. ఏరియా అంత పేదదైపోయిందా?

అలా అనుకోకండి. పాత పద్ధతిలో కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 లోపుంటే తగ్గింపు ధర. ఫారం నింపాలి. హైస్కూల్ పిల్లలు చాలామంది నామోషీపడి ఆ ఫారం ఇంట్లో చూపించేవాళ్లే కాదు, దాంతో అక్కడ అంకె తక్కువగా కనిపించేది.

2014 నుంచి ఫుడ్ స్టాంపుల్లాంటి (పేదలకి సర్కారు ఇచ్చే ఆహార సాయం) పథకాల జాబితాల్లో ఉన్న పిల్లలు 40 శాతం ఉంటే చాలు (2023లో 25కి తగ్గించారు), ఫారాలు లేకుండా స్కూలు మొత్తానికీ ఉచితంగా పెట్టొచ్చు. న్యూయార్క్ సిటీ 2017లో ప్రభుత్వ స్కూళ్లన్నిటికీ ఇచ్చేసింది. డాక్టరు కొడుకైనా, క్యాబ్ డ్రైవర్ కూతురైనా అదే ట్రే. ఇలాంటి స్కూళ్లకి చాలా చోట్ల 100 అని రాసేస్తారు.

తమాషా ఏంటంటే, అద్దెలు పెరిగి డబ్బున్నవాళ్లు దిగుతున్నా ఆ 100 కదలదు. నేనైతే 'డైరెక్ట్ సర్టిఫికేషన్' శాతాన్ని, అంటే ఫారం లేకుండా ఆ పథకాల జాబితాల నుంచే గుర్తించిన పిల్లల శాతాన్ని, నాలుగైదేళ్లకి వరసగా చూస్తాను. అదీ పేదరికాన్ని కొంత తక్కువగానే చూపిస్తుంది. కాగితాల్లేని వలస కుటుంబాల పిల్లలు చాలామంది ఆ జాబితాల్లోకి ఎక్కరు.