జ్వరం తగ్గాక కీళ్లు వాచాయి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 48 ఏళ్లు. జలుబు, దగ్గుతో ఐదు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. రెండు వారాలకు మోకాళ్లు, రెండు మణికట్లు వాచాయి. పొద్దున పిడికిలి మూసుకోదు, నీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోతోంది. ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనంటున్నారు. ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. ఇది జీవితాంతం ఉండే కీళ్లవాతమా?

జవాబు: మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ మీద అనుమానం రావడం సహజమే. అయితే ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఎముకలకు పట్టి మెడను, నడుమును బిగదీస్తుందే తప్ప, రెండు వారాల్లో మణికట్లను ఉబ్బించదు. చికున్‌గున్యాలోనైతే కీళ్ల నొప్పులు జ్వరంతోపాటే మొదలవుతాయి. మీ అమ్మగారికి ముందు జలుబు, దగ్గు వచ్చి, అవి తగ్గిన తర్వాత వాపు కనిపించింది కనుక, వైరస్‌తో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ ఇంకా చల్లబడక కీళ్ల లోపలి పొరలో వాపు పుట్టిస్తోందని అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. కోవిడ్ తర్వాత కూడా ఇలాంటి కేసులు నమోదయ్యాయి. చాలామందిలో ఇది కొన్ని వారాల్లో, కొందరిలో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. దీనికి యాంటీబయాటిక్‌లు పనిచేయవు.

నన్ను కలవరపెడుతున్నది ఆ సూది. అందులో ఏ మందు ఇచ్చారో అడిగి కాగితం మీద రాయించుకోండి. అంత త్వరగా హాయినిచ్చేది స్టెరాయిడ్ కావచ్చు; దాన్ని పదేపదే వేయిస్తే షుగర్, బీపీ పెరిగి, ఎముకలు గుల్లబారడమే కాక, అసలు జబ్బు పరీక్షకు దొరకకుండా మరుగున పడుతుంది. నొప్పి మాత్రలు కూడా కిడ్నీ జబ్బు, బీపీ, కడుపులో పుండు ఉన్నాయేమో డాక్టరు చూసి రాసిన తర్వాతే, అన్నం తిన్నాక వేసుకోవాలి.

ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కీళ్లవాతం జాడను చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చేయించండి. వైరల్ జ్వరాల తర్వాత ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొన్నాళ్లు పాజిటివ్‌గా రావచ్చు. ఆ ఒక్క కాగితం చూసి కీళ్లవాతమని బెంగపడకండి. వాపు ఆరు వారాలు దాటినా, పొద్దుటి బిగుతు రోజూ గంటకు మించి ఉన్నా రుమటాలజిస్టుకు (కీళ్లవాత నిపుణుడికి) చూపించాలి, ఎందుకంటే కీళ్లవాతం కూడా ఇలాగే మొదలు కావచ్చు.

ఒక్క కీలు మాత్రమే ఎర్రగా కాలిపోతూ, చలిజ్వరం వచ్చి, కాలు కింద మోపలేకపోతే మాత్రం అదే రోజు నల్గొండ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కీలులో చీము పట్టిందేమో సూదితో నీరు తీసి చూడాలి. ఆలస్యమైతే రోజుల్లోనే కీలు పాడవుతుంది.