నీట్ అలవాటుతో ఎంక్యాట్ రాయకండి

సంక్రాంతికి రాజోలు వెళ్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "పిల్లతో అమెరికా వెళ్లిపోతున్నామండి. మెడిసిన్ చేయించాలని ఉంది. అక్కడ నీట్ లాంటిది ఏముంది?"

ఎంక్యాట్ ఉందండి. కానీ మేముండే అమెరికాలో ఇంటర్ అవగానే ఎంబీబీఎస్ ఉండదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆ తర్వాతే మెడికల్ స్కూల్. పరీక్ష రాసేది డిగ్రీ రోజుల్లో. కాబట్టి కోచింగ్ కంటే ముందు వీసా సంగతి చూసుకోండి. గ్రీన్ కార్డు లేనివాళ్లను చాలా మెడికల్ స్కూళ్లు అసలు తీసుకోవు. హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసా ఆధారంగా, వచ్చిన పిల్లకు 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు. ఈ సంగతి డిగ్రీ మూడో ఏట తెలిసి కుమిలిపోయిన పిల్లలున్నారు.

ఇక పరీక్ష. 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి దాదాపు ఏడున్నర గంటలు. నీట్‌లోలా తప్పుకి మార్కు కోయరు. భీమవరంలోనో కాకినాడలోనో కోచింగ్ తీసుకున్న పిల్లలు అనుమానం రాగానే ప్రశ్న వదిలేస్తారు. ఇక్కడ ఒక్కటీ వదలకూడదు.

మనవాళ్లకు అసలు గండం కార్స్ అనే భాగం. 90 నిమిషాలు, 9 పాసేజీలు, 53 ప్రశ్నలు. సైన్సు చదువుతో పనే లేదు. సంగీతం గురించో, చరిత్ర గురించో ఓ వ్యాసం ఇచ్చి, రచయిత ఈ మాట ఎందుకన్నాడు, ఫలానా సంగతి కొత్తగా బయటపడితే ఆయన వాదన నిలబడుతుందా అని అడుగుతారు. రెండు మూడు జవాబులు ఒప్పులాగే కనిపిస్తాయి. మనకు బయట తెలిసింది వాడితే దెబ్బతింటాం, జవాబు ఆ వ్యాసంలోంచే రావాలి. ఫార్ములాలు నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలు ఇక్కడ తడబడతారు. ఇది మూణ్ణెల్ల బట్టీతో వచ్చేది కాదు. హైస్కూల్ నుంచే రోజూ ఓ పెద్ద వ్యాసం చదివించండి. భోజనాల దగ్గర "ఆయన ఏమంటున్నాడు? నువ్వు ఒప్పుకుంటావా, ఎందుకు?" అని అడగండి. తెలుగులోనే అడగండి, ఆలోచన పదునెక్కడం ముఖ్యం.

రాకపోతే లాంగ్ టర్మ్‌లో కూర్చోబెడదాం అనుకోకండి. ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తం మీద ఏడుసార్లే రాయనిస్తారు. పాత స్కోర్లూ స్కూళ్లకు కనిపిస్తాయి.

వీసా కుదరక అమలాపురంలోనో ఏలూరులోనో ఎన్నారై కోటా సీటుకి వెళ్లాలన్నా నీట్‌లో క్వాలిఫై కావాల్సిందే. అందుకని 11, 12 తరగతుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ తీసుకోమనండి. అమెరికా స్కూళ్లలో పిల్లలు ఏడాదికో సైన్సు సబ్జెక్టుతో సరిపెట్టుకోవడం మామూలే. కౌన్సెలర్‌తో పదో తరగతిలోనే మాట్లాడండి.