గిల్మోర్ పాట వాటర్స్ మీద కోపమేనా?

తమ్ముడూ, హన్మకొండలో మీ దోస్తులంతా "బిట్వీన్ టూ పాయింట్స్" పాట, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ తన పాత సహచరుడు రోజర్ వాటర్స్ మీద కోపంతో రాసిందే అంటున్నారని, నీకేమో నమ్మకం కుదరట్లేదని అడిగావు. నీ అనుమానమే కరెక్ట్. ఆ పాట డేవిడ్ గిల్మోర్ ఇంట్లో పుట్టింది కాదు. మోంట్‌గోల్ఫియర్ బ్రదర్స్ అనే ఇంగ్లండ్ బృందం 1999లోనే పాడింది. 2024లో వచ్చిన గిల్మోర్ సోలో ఆల్బమ్ "లక్ అండ్ స్ట్రేంజ్"లో దాన్ని పాడింది కూడా గిల్మోర్ కాదు, ఆయన కూతురు రోమనీ. ఇందులో పింక్ ఫ్లాయిడ్‌లో గిల్మోర్, వాటర్స్‌ల పాత పంచాయితీని వెతకడం దండగ.

మిగతా పాటల్లో చాలావాటికి సాహిత్యం ఆయన భార్య, నవలా రచయిత్రి పాలీ శాంసన్‌ది. బతుకమ్మ దగ్గర ముందు పాట ఎత్తుకునే అక్క తన సొంత కథే చెప్తుందని మనం అనుకోం కదా, ఇక్కడా అంతే. "నేను" అని వినబడగానే గిల్మోర్ జీవితానికి ముడిపెట్టొద్దు. వయసు మీదపడటం, చావు గురించిన ఆలోచన మాత్రం ఆల్బమ్ నిండా ఉన్నాయి, నాకు చాలా ఇష్టమైన భాగం అదే. టైటిల్ పాటలో 2008లో పోయిన పింక్ ఫ్లాయిడ్ సభ్యుడు రిక్ రైట్ కీబోర్డ్ వినిపిస్తుంది. 2007లో రికార్డు చేసిన ముక్క అది. పింక్ ఫ్లాయిడ్ జ్ఞాపకం కావాలంటే మీవాళ్లకు ముందు ఆ పాట వినిపించు, ఆల్బమ్ కవర్ మీద పాట రాసినవాళ్ల పేర్లు కూడా చూపించు.