కాన్పయ్యాక బీపీ నార్మల్‌కి వచ్చేసింది, ఇక మర్చిపోవచ్చా?

మీ చెల్లెలికి ఎనిమిదో నెలలో బీపీ వచ్చిందని, కాన్పయిన రెండు నెలలకి తగ్గిపోతే డాక్టరుగారు మాత్రలు ఆపేశారని, ఇక ఆ సంగతి మర్చిపోవచ్చా అని అడిగారు. మాత్రలు ఆపడం సరే. మర్చిపోవడం మాత్రం వద్దే వద్దు. యాభై ఏళ్ళు వచ్చాక కూడా ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆమె మొదట చెప్పాల్సిన మాట ఇదే. నేను ఆ దారిన వచ్చినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2010లో నేను పురిటికి బాపట్ల దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. సీమంతానికి వేసిన మట్టిగాజులు అప్పటికే చేతులకి బిగుసుకుపోయాయి. పక్కింటి పిన్ని చూసి "ఒళ్ళు చేశావే, బిడ్డ బాగా ఎదుగుతోంది" అని మురిసిపోయింది. ఒకరోజు పొద్దున్నే తలనొప్పి మొదలైంది. అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. మధ్యాహ్నానికి కళ్ళ ముందు మెరుపులు. గోడ మీది క్యాలెండర్లో సగం అంకెలు కనబడుతున్నాయి, సగం కనబడటం లేదు. పక్కటెముకల కింద కుడివైపు పట్టేసినట్టు నొప్పి. గ్యాసేమోనని వాము నీళ్ళు తాగించారు.

మా వీధిలో చంటిపిల్లని చూడటానికి వచ్చిన నర్సమ్మ దారిలో మా ఇంట్లోకి తొంగి చూసింది. నా మొహం చూడగానే చెప్పులు విడిచి లోపలికొచ్చి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. బీపీ చూసింది. రెండో చేతికి కూడా కట్టి చూసింది. నాకేమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి అమ్మతో "170 మీద ఉందమ్మా, ఇది గుర్రపువాతంలోకి, అదే ఫిట్స్‌లోకి దిగుతుంది, ఇప్పుడే బయల్దేరండి" అంది. ఆవిడే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా మా అరుగు మీదే కూర్చుంది.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి చేతికి చోటు దొరకలేదు. గాజులు పగలగొట్టాలని సిస్టర్ అంటే, కడుపుతో ఉన్న పిల్ల గాజులు పగలకొడతారా అని అమ్మ ఏడుపు. ఆ అమ్మాయి విసుక్కోకుండా సబ్బు నురగ పట్టించి ఒక్కొక్కటే లాగింది. తర్వాత ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్. నరంలోకి ఎక్కుతుంటే ఒళ్ళంతా మంట, గొంతు ఎండిపోయింది. పిరుదులకి కూడా చెరోవైపు చేశారు, కొన్నాళ్ళు ఒత్తిగిలి పడుకోలేకపోయాను. మళ్ళీ డోసు ఇచ్చే ముందల్లా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి కాలు ఎగురుతోందా అని చూసేవారు, మూత్రం ఎంత వచ్చిందో కొలిచేవారు. మందు మోతాదు మించితే ముందు ఆ కదలిక పోతుందట. ఈ ఇంజెక్షన్ మీద 33 దేశాల్లో పదివేల మందికి పైగా ఆడవాళ్ళతో చేసిన పరిశోధన 2002లో వచ్చింది, ఫిట్స్ సగానికి పైగా తగ్గాయని తేలింది. అంత చవకైన మందు నా ప్రాణం కాపాడింది. బాబు నెలలు నిండకుండానే పుట్టి, రెండు కిలోలు కూడా లేక, గాజుపెట్టెలో ఉన్నాడు. ఇప్పుడు నాకంటే పొడుగు.

అసలు సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్ళీ ఎక్కువగా పెరుగుతుంది. చాలామంది సరిగ్గా అప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటారు. ఇంటి నిండా చుట్టాలు, అందరి కళ్ళూ బిడ్డ మీదే. బాలింత తలనొప్పి అంటే చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, చలిగాలి తగిలింది అంటారు. ఆ వారంలో కూడా ఫిట్స్ వస్తాయి, ప్రాణాలు పోతాయి. బాలింతకి తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ముందు బీపీ చూడాల్సిందే.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. చాలామందికి మూడు నెలల్లోపు బీపీ నార్మల్‌కి వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. కానీ కడుపులో బిడ్డని పోషించే మాయలో మొదలయ్యే ఈ గర్భిణీ బీపీ జబ్బు, డాక్టర్ల మాటలో ప్రీఎక్లాంప్సియా, తల్లి రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీసి వెళుతుంది. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీశారు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన ఆడవాళ్ళకి తర్వాతి జీవితంలో శాశ్వతంగా బీపీ వచ్చే అవకాశం మూడున్నర రెట్లు దాటింది, గుండెజబ్బు రెండు రెట్లు, పక్షవాతం కూడా రెండు రెట్లకి దగ్గర్లో ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని ఆడవాళ్ళ గుండెజబ్బుకి ఒక ముప్పుగా రాసుకుంది. మన దగ్గర మాత్రం గుండె డాక్టరు పురుళ్ళ గురించి అడగడు, పురుడు పోసిన డాక్టరు గుండె గురించి చెప్పడు.

నాకు నలభై రాకముందే బీపీ తిరిగొచ్చింది. అప్పుడు చూసిన డాక్టరు అమ్మానాన్నలకి ఉందా, ఉప్పు ఎక్కువ తింటారా, టెన్షన్లున్నాయా అని అడిగారు. కాన్పు సంగతి నేనే చెప్పాను. "అది అప్పటిది కదమ్మా" అని చీటీ మీద రాయను కూడా రాయలేదు. నలభై దాటిన ఆడవాళ్ళకి బీపీ అనగానే టెన్షన్ అనో, కోడలితో పడటం లేదనో తేల్చేస్తారు. వాళ్ళని కూర్చోబెట్టి కాన్పులెలా జరిగాయని అడిగి చూడండి, చాలామంది బీపీకి మూలం అక్కడే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. "మా వంశంలో ఎవరికీ లేదు" అని అత్తింటివాళ్ళు కోడలి మీదకి నెట్టే మాట ఇంకోటి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

బీపీ చూసే పద్ధతి కూడా చెప్పాలి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి, బిగుతు జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి గాలి కొడతారు. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, వట్టి చేతికి కట్టాలి. అడిగితే తప్పేం కాదు, అడగండి.

నన్నడిగితే బిడ్డకి టీకా వేయించే రోజునే తల్లి బీపీ కూడా చూడాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలకి ఎలాగూ వెళ్తాం. బీపీ మిషనూ అక్కడే ఉంది, నర్సమ్మా అక్కడే ఉంది, తల్లీ అక్కడే ఉంది. బిడ్డ కార్డు బీరువాలో దాచుకుంటాం, తల్లి డిశ్చార్జి కాగితం పచారీ బిల్లుల్లో కలిసిపోతుంది.

మీ చెల్లెలి కాగితం వెతికి ఫోటో తీసి మీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఏడాదికోసారి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రోటీన్ చూపించండి. బరువు, ఉప్పు చేతిలో ఉన్నవే. రెండో బిడ్డని అనుకుంటే నెల తప్పగానే పాత సంగతి డాక్టరుకి చెప్పాలి. మూడో నెల చివరి నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తే మళ్ళీ వచ్చే ముప్పు తగ్గుతుంది, అది డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. ఈలోపు బీపీ తిరిగొచ్చి టెల్మిసార్టన్ లాంటివి వాడుతుంటే, గర్భం అనుకున్నప్పుడే చెప్పి మందు మార్పించుకోవాలి. అవి కడుపులో బిడ్డకి మంచివి కావు.