మొదటి మిషన్ ట్రిప్ వెళ్ళొస్తే విశ్వాసం పెరుగుతుందా? నా నేపాల్ అనుభవం

మీ ప్రశ్న చదివాను బ్రదర్. మీ సంఘం యూత్‌తో కలిసి మొదటిసారి దేశం దాటి, సువార్త, సేవ పని మీద నేపాల్‌కి మిషన్ ట్రిప్ వెళ్తున్నారు. వెళ్ళొస్తే విశ్వాసం నిజంగా బలపడుతుందా, లేక నాలుగు ఫొటోలు, చెప్పుకోవడానికి ఒక సాక్ష్యం (దేవుడు నాకేం చేశాడో సంఘం ముందు చెప్పే మాట) మిగిలి మళ్ళీ మామూలే అవుతుందా అని అడిగారు. నేను గాజువాకలో ఉంటాను. 2017 మార్చిలో మా సంఘం నుంచి ఆరుగురం తొమ్మిది రోజులకు అక్కడికే వెళ్ళాం. మీరు సాక్ష్యం పట్టుకుని వస్తామేమో అంటున్నారు. నేను పట్టుకెళ్ళిన సాక్ష్యం అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ సాక్ష్యం హుద్‌హుద్ తుపాను గురించి. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్ళకు ఆ గాలి గురించి చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఆరాధనకు వెళ్ళిన ఇరవై మందిమి ఇళ్ళకు వెళ్ళలేక పాస్టరుగారి ఇంట్లో ఇరుక్కుపోయాం. పిల్లల్ని మంచాల కింద కూర్చోబెట్టి సాయంత్రం దాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాం. మందిరం రేకులు ఎగిరిపోయాయి గానీ మాలో ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. తర్వాత రెండేళ్ళకు పైగా ఎక్కడ యూత్ మీటింగ్ జరిగినా నాతో ఆ సాక్ష్యం చెప్పించేవాళ్ళు. చివర్లో బైబిల్లో దేవుడు ఆపద నుంచి కాపాడతాడని చెప్పే 91వ కీర్తన చదివేవాణ్ణి. ప్రార్థన చేశాం, దేవుడు కాపాడాడు, అంతే లెక్క. అదే రోజు మా పక్క వీధిలో గోడ కూలి ఒకాయన చనిపోయాడు. ఆ సంగతి నా సాక్ష్యంలో ఉండేది కాదు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. విదేశం అనేసరికి మా అమ్మ ఎయిర్‌పోర్టుకు వద్దామనుకుంది, పాపం. చివరికి స్టేషన్‌కి పులిహోర క్యారేజీ పట్టుకుని వచ్చింది. కోరమాండల్‌లో హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటితే బీర్‌గంజ్, ఆపైన సుమోలో ఘాట్ రోడ్డు మీదుగా కాఠ్మాండూ. మనకు వీసా అక్కర్లేదు. మన వంద రూపాయలకు వాళ్ళవి నూట అరవై వస్తాయి. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. మా టీమ్‌లో ఒకడు తిప్పుకోక రెండుసార్లు బస్సు పోగొట్టినంత పని చేశాడు.

అక్కడ వారం సెలవు శనివారం. అందుకని చర్చీలు చాలావరకు శనివారమే కూడుకుంటాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, భూకంపం గురించి తెలిశాక అలా అనిపించదు. 2015 ఏప్రిల్ 25న, ఉదయం 11 గంటల 56 నిమిషాలకు, 7.8 తీవ్రతతో భూమి కదిలింది. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. ఆ రోజు శనివారం. అంటే ఎన్నో చోట్ల జనం మందిరాల్లోనే ఉన్నారు. ఎక్కువ ప్రాణనష్టం జరిగిన సింధుపాల్చోక్ జిల్లాలో ఒక కొండ ఊరికే మమ్మల్ని తీసుకెళ్ళారు. కూలిన మందిరం స్థానంలో రేకుల షెడ్డు వేస్తున్నారు, అందులో మా సాయం కావాలన్నారు. నేను ఫ్యాబ్రికేషన్ పని చేసేవాణ్ణి కదా, ధీమాగా వెళ్ళాను. వాళ్ళ వడ్రంగులు వెదురు బొంగుల మీద నిలబడి అలవోకగా మేకులు కొడుతుంటే, నాకు ఆ ఎత్తులో ఊపిరి అందలేదు. రెండో రోజు నుంచి రేకులు కింద నుంచి అందించే పని నాకు అప్పజెప్పారు. సాయం కంటే అడ్డమే ఎక్కువ అనుకోండి.

శనివారం వచ్చింది. చెప్పులు బయట విప్పి, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. అచ్చం మన పల్లెటూరి మందిరమే. వందనాలకు బదులు ‘జయ మసీహ్’ అంటారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. కాఠ్మాండూ నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా హిందీని నేపాలీలోకి మారుస్తున్నాడు. అలవాటు ప్రకారం హుద్‌హుద్ ఎత్తుకున్నాను. ఇరవై మంది, పాస్టరుగారి ఇల్లు, మంచాల కింద పిల్లలు. ప్రార్థన చేశాం కాబట్టి ఒక్కరికి కూడా ఏమీ కాలేదని చేతులు పైకెత్తి చెప్పాను. మన దగ్గరైతే ఆ మాటకు హల్లెలూయా అని మోగిపోతుంది. అక్కడ ఎవరూ కేకలు వేయలేదు. కొందరు తల ఊపారు.

ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమెను అందరూ ‘ఆమా’ అంటారు, అమ్మ అని. అరచేతులు గట్టిపడి, వేలి గోట్లో పసుపు. నేపాలీలో ఏదో అంది. ‘మీకు కూడా ఆరాధన రోజే వచ్చిందా నాయనా’ అంటోందని కుర్రాడు చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళి ఢిండో పెట్టింది. చోడి పిండితో చేసే ముద్ద, మన ఉత్తరాంధ్రలో తినేదానికి పెద్ద తేడా లేదు. తింటున్నంతసేపూ నా పక్కనే కూర్చుంది. గోడకు ఒక అమ్మాయి ఫొటో, దానికి దండ. అడిగితే కోడలు అన్నారు. పాత మందిరంలో పోయిందట, పాట పాడుతుండగా.

ముద్ద గొంతు దిగలేదు. ఈమె ముందా నేను చేతులెత్తి ఆ మాట చెప్పాను అనుకున్నాను. కొండ దిగుతుంటే ఆ కుర్రాణ్ణి అడిగాను, నా మాటలకు ఆమెకు కోపం రాలేదా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘దాయ్ (అన్నా), ప్రార్థన చేశాం కాబట్టి ఏమీ కాలేదన్న ఆ ముక్క నేను చెప్పలేదు. మీ ఊళ్ళో ఆదివారం పెద్ద తుపాను వచ్చింది, మీరూ ఆ వేళ ప్రార్థనలో ఉన్నారు, పైకప్పు ఎగిరిపోయింది అని మాత్రం చెప్పాను’ అన్నాడు.

నా పూర్తి సాక్ష్యం విని ఉంటే ఆమె ఆ చేతులు పట్టుకునేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగొచ్చాక కొన్ని నెలలు నాకు ప్రార్థన రాలేదు. మోకాళ్ళ మీద ఉండేవాణ్ణి, నోట మాట వచ్చేది కాదు. దేవుడు లేడని ఎప్పుడూ అనిపించలేదు. నేను ఇన్నాళ్ళూ ఆయన తరఫున చెప్పిన లెక్క తప్పని మాత్రం తెలిసిపోయింది. విశ్వాసం పెరగడమంటే ఇదేనా అంటే, ఏమో. అప్పటికంటే ఇప్పుడు తక్కువ మాట్లాడతాను, ఎక్కువసేపు కూర్చుంటాను. మీకు ఇలాగే జరుగుతుందని గ్యారంటీ లేదు.

సంఘంలో రిపోర్టు చెప్పిన రోజు, ఎంతమంది రక్షణ పొందారని, అంటే క్రీస్తును నమ్ముకున్నారని అడిగారు. నాకు తెలిసి ఎవరూ లేరు అన్నాను. ముఖాలు మాడిపోయాయి. నాకు ఈ లెక్కలంటే మొదటి నుంచీ చిరాకే. మన ఊరి సంగతే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపితే జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళ తెలుగు సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం చూడలేదు. మేమేమో తొమ్మిది రోజులకు లెక్క చెప్పాలి!

ఇంకోటి, ఇది సీరియస్‌గా తీసుకోండి. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణలోనే మతం మార్చడం మీద నిషేధం ఉంది. 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. కరపత్రాలు పంచడం, వీడియోలు తీసి పెట్టడం లాంటివి చేయకండి. మీరు రైలెక్కి వచ్చేస్తారు, పోలీసులు అడిగేది అక్కడి విశ్వాసుల్ని. ఆతిథ్యం ఇచ్చే సంఘం ఏం చేయమంటే అది చేయండి, రేకులు అందించమంటే రేకులే అందించండి. సాక్ష్యం చెప్పమంటే, ముందు ఆ ఊళ్ళో ఏం జరిగిందో అడిగి తెలుసుకోండి.

హుద్‌హుద్ గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే పక్క వీధి ఆయనతో మొదలుపెడతాను. ఆయన పేరు నేపాల్ నుంచి వచ్చాకే వాళ్ళింటికి వెళ్ళి, ఆయన భార్యను అడిగి తెలుసుకున్నాను. అప్పటిదాకా రెండున్నరేళ్ళు ఆ గుమ్మం ముందు నుంచే మందిరానికి వెళ్ళొచ్చాను.