లెక్క అడిగితే తిరుగుబాటు అవుతుందా?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో కొత్త మందిరం కట్టడానికి మూడేళ్లుగా కానుకలు పోగుచేస్తున్నారు, పని మాత్రం పునాది దాటలేదు. స్త్రీల కూడికలో "లెక్కలు ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది" అన్నాను. తరువాతి ఆదివారం పాస్టరుగారు అభిషిక్తులను (దేవుడు తన పనికి ప్రత్యేకించుకున్నవారిని) ముట్టకూడదన్న వాక్యం తీసుకుని ప్రసంగించారు. క్షమాపణ చెప్పేవరకు నాకు ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఇవ్వరట. దైవజనుడికి లోబడనిదానివి దేవునికేం లోబడతావని మా అత్తగారూ అంటున్నారు. నేను చేసింది పాపమేనా?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సోదరీ, లెక్క అడగడం పాపం కాదు. దేవునికి లోబడడం, సేవకుడు చెప్పిన ప్రతిదానికీ తల ఊపడం ఒకటే అన్న బోధ మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ పాస్టరుగారు ఎత్తుకున్న మాట 105వ కీర్తన 15వ వచనంలోనిది. అక్కడి సందర్భం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులది. పిడికెడు మంది పరదేశులుగా ఒక రాజ్యం నుంచి మరో రాజ్యానికి తిరుగుతున్న ఆ కుటుంబానికి హాని చేయవద్దని దేవుడు రాజులను హెచ్చరించాడు. అండలేనివారిని అధికారం ఉన్నవారి నుంచి కాపాడటానికి పలికిన మాటను అధికారంలో ఉన్నవారే అడ్డుపెట్టుకోవడం విచారకరం. పైగా యోహాను తన మొదటి పత్రిక 2:20లో, పరిశుద్ధుని వలన అభిషేకం పొందినవారని విశ్వాసులందరినీ ఉద్దేశించి రాశాడు. ఆ లెక్కన మీరూ అభిషిక్తులే.

అభిషిక్తుణ్ణి ముట్టకపోవడం అంటే ఏమిటో దావీదును చూస్తే తెలుస్తుంది (1 సమూయేలు 24). మూడు వేల మందితో తనను వేటాడుతున్న, రాజుగా అభిషేకం పొందిన సౌలు ఏన్గెదీ గుహలో ఒంటరిగా చిక్కినప్పుడు దావీదు అతని పైవస్త్రపు అంచు మాత్రమే కోశాడు, ఆ మాత్రానికే అతని మనస్సు నొచ్చుకుంది. అంతటితో మౌనంగా ఉండిపోయాడా? గుహ వెలుపలికి వచ్చి, సాష్టాంగపడి, "నా తండ్రీ" అని పిలిచి, కోసిన గుడ్డముక్క చూపిస్తూ, తనకు జరుగుతున్న అన్యాయాన్ని రాజు ముఖం మీదే చెప్పాడు. సౌలు ఏడ్చాడు, దావీదు నీతిమంతుడని ఒప్పుకున్నాడు. అయినా దావీదు అతని వెంట నగరుకు వెళ్లక తన కొండస్థలాలకే తిరిగిపోయాడు. చెయ్యి ఎత్తలేదు, మర్యాద తప్పలేదు, నిజం దాచలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. లోబడడమంటే ఈ నాలుగూ కలిసినదని నా అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికని యాజకులు రూకలు తీసుకున్నారు, కానీ అతని యేలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా పని జరగలేదు (2 రాజులు 12). అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెప్పించి, దాని మూతకు బెజ్జం వేయించి, బలిపీఠం దగ్గర పెట్టించాడు. పెట్టెలో రూకలు ఎక్కువైనప్పుడల్లా రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టేవారు. యాజకుల్లో ఎవరూ దాన్ని తిరుగుబాటు అనలేదు. పౌలు కూడా యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను ఒక్కడే మోసుకుపోలేదు. తనమీద ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలోనూ అది సరిగా ఉండేలా, సంఘాలు ఏర్పరచినవారిని తోడు తీసుకున్నాడు (2 కొరింథీ 8:19–21). అపొస్తలుడికి లేని అభ్యంతరం మనవారికి ఎందుకో!

నాయకులకు లోబడమని హెబ్రీ 13:17 చెబుతున్న మాట నిజమే, దాన్ని నేను తేలిక చేయడం లేదు. అయితే ఆ వచనం నాయకులను కూడా దేవుని ఎదుట జవాబుదారులుగానే నిలబెడుతుంది.

మీ వైపు కూడా ఒకటి చూసుకోవాలి. ఆ మాట కూడికలో అనడానికి ముందు పాస్టరుగారినో, సంఘ పెద్దలనో విడిగా అడిగారా? సంఘ పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే అంగీకరించాలని 1 తిమోతి 5:19 చెబుతుంది. సహవాసం నుంచి దూరం పెట్టవలసినవారిని పేర్కొన్న 1 కొరింథీ 5:11లో లెక్క అడిగినవారు లేరు గనుక మీకు బల్ల ఆపడం సరికాదు. కానీ అదే జాబితాలో లోభితోపాటు తిట్టుబోతు కూడా ఉన్నాడు. ఇకముందు మీరు దేవునికి లోబడవలసింది మీ నోట, మీ వాట్సాప్‌లో వచ్చే మాటల విషయంలో.

చేయని తప్పుకు క్షమాపణ చెప్పకండి. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లి, రాతపూర్వకంగా, గౌరవంగా మళ్లీ అడగండి. సంఘం సొసైటీగా నమోదై ఉంటే లెక్కలు సభ్యుల ముందు పెట్టడం చట్టరీత్యా కూడా బాధ్యతే. ఎంత అడిగినా తలుపులు మూసే ఉంటే, మరో సంఘంలో ఆరాధించడం దేవుణ్ణి విడిచిపెట్టడం కాదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. కుటుంబ ప్రార్థనలో ఆ 2 రాజులు 12వ అధ్యాయం ఆవిడ చేతనే చదివించండి. పనివారికి ఇవ్వడానికి సొమ్ము అందుకున్నవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని 15వ వచనంలో ఉంది, పాస్టరుగారు దాన్ని చూపించే అవకాశం ఉంది. చూపిస్తే, పదో వచనంలో పెట్టెను ఇద్దరు కలిసి లెక్కపెట్టిన తరువాతే ఆ సొమ్ము పనివారి దాకా వెళ్లిందని నెమ్మదిగా చెప్పండి.